ఎండ తగలని ఉక్క

లండన్‌లో ఎండల గురించి రాస్తున్నానంటే మావాళ్ళు ముందు నవ్వుతారు. "ముప్ఫై దాటితే పేపర్లో మొదటి పేజీ వార్త వేసుకునే ఊరు, అదీ ఒక ఎండేనా?" అంటారు. నిజమే. కానీ నాకు గుర్తుండిపోయిన ఉక్కకూ నెత్తిమీద ఎండకూ పెద్దగా సంబంధం లేదు. అది సూర్యుడు ఏనాడూ తొంగిచూడని చోట, నేల అడుగున, లండన్ వాళ్ళు 'ట్యూబ్' అని పిలిచే భూగర్భ రైళ్ళలో, సెంట్రల్ లైన్ రైల్లో పట్టిన చెమట.

నేను ఆ ఊరు చేరింది 2006 జూన్‌లో. ఈస్ట్ హామ్‌లో నలుగురం కలిసి ఉండే ఇల్లు, హోబర్న్ దగ్గర ఆఫీసు. పొద్దున్నే డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కితే అప్టన్ పార్క్, ప్లాస్టో, వెస్ట్ హామ్ మీదుగా బో రోడ్ దాకా రైలు నేల మీదే నడుస్తుంది. అప్పట్లో పాత బోగీలు, ఏసీ లేదు గానీ కిటికీలు తెరుచుకునేవి. ఆ పావుగంటా హాయి. మైల్ ఎండ్‌లో దిగి, అదే ప్లాట్‌ఫాం మీద నాలుగడుగులు వేస్తే ఎదురుగా సెంట్రల్ లైన్ రైలు వచ్చి ఆగుతుంది. మెట్లెక్కే పని లేదు, నడిచే పని లేదు. ఇంత సుఖమైన మార్పు ఆ నెట్‌వర్క్ మొత్తంలో చాలా తక్కువ చోట్ల ఉంటుంది. ఆ నాలుగడుగుల్లోనే వాతావరణం కూడా మారిపోయేది.

అక్కడ రైలు రాకముందే గాలి వస్తుంది. సొరంగం ఇరుకు, రైలు దాన్ని దాదాపు నింపేస్తుంది. కాబట్టి ముందున్న గాలినంతా తోసుకుంటూ వస్తుంది. చలికాలంలో ఆ గాలి తగిలితే ప్రాణం లేచొచ్చేది, పైన చేతులు కొంకర్లు పోతుంటే కింద వెచ్చగా ఉండేది మరి. జులైలో మాత్రం ఇటుక బట్టీ మూత తీసినట్టుండేది. జుట్టు ఎగురుతుంది, టై ఎగురుతుంది, చెమట మాత్రం ఆరదు. ఒంటి చర్మం ఉండేదే సుమారు 35 డిగ్రీల దగ్గర. గాలి కూడా ఆ దరిదాపుల్లోకి వచ్చేసిందంటే ఎంత వీచినా అది మన వేడిని పట్టుకుపోలేదు. ఇక మిగిలేది చెమట ఆరడమే. కిక్కిరిసిన బోగీలో వందమంది ఊపిరి తేమ ఉన్నచోట ఆ చెమట ఎటు ఆరుతుంది? అందుకే కదా ఎండల్లో పుట్టి పెరిగినవాడికి కూడా అక్కడ ఊపిరాడనిది.

ఎక్కడ నిలబడాలో తెలియడం కూడా ఒక విద్య. నాకది నేర్పింది మా రూమ్మేట్, నాకంటే రెండేళ్ళు ముందొచ్చినవాడు.

"బావా, తలుపు దగ్గర నిలబడకు. బోగీ చివరికి పో. చివరి తలుపుకి కిటికీ ఉంటుంది, ఎవడో ఒకడు దాన్ని కిందికి దించుతాడు. దాని ఎదురుగా నిలబడు, చాలు."

అలాగే చేశాను. గాలి వచ్చింది, దాంతోపాటు చెవులు పగిలే రొద కూడా వచ్చింది. బెత్నల్ గ్రీన్ నుంచి లివర్‌పూల్ స్ట్రీట్ దాకా చక్రాలు పట్టాల మీద కీచుమంటూ అరుస్తాయి, పక్కవాడు ఏమన్నా వినబడదు. చెవులు కావాలో గాలి కావాలో తేల్చుకోవాలి. జులైలో అందరూ గాలికే ఓటేసేవాళ్ళు. బ్యాంక్ స్టేషన్‌లో సగం బోగీ ఖాళీ అయి, ఆ సగానికి రెట్టింపు మంది ఎక్కేవాళ్ళు. సెయింట్ పాల్స్, ఛాన్సరీ లేన్, ఆ తర్వాత హోబర్న్. ఎస్కలేటర్ మీద పైకొస్తుంటే చల్లదనం ముందు తలకి తగిలి, తర్వాత భుజాలకి దిగేది. బయట 30 డిగ్రీలున్నా సరే, అది చల్లదనమే.

ఆ ఏడాది జులై 19వ తేదీ, బుధవారం. లండన్ పక్కనున్న సర్రీ కౌంటీలోని విజ్లీలో 36.5 డిగ్రీలు నమోదైంది. బ్రిటన్‌లో జులై నెలకి అప్పటికి అదే రికార్డు. ఆ సాయంత్రం బోగీలో చూసిన దృశ్యం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. సూటూ బూటూ వేసుకున్న పెద్దమనుషులు కోట్లు విప్పి చేతికి వేలాడేసుకున్నారు. చొక్కాలు వీపులకు అతుక్కుపోయి లోపలి బనీన్ల గీతలు కనిపిస్తున్నాయి. పొద్దున ఉచితంగా పంచే 'మెట్రో' పేపరు నాలుగు మడతలు పెట్టి విసురుకోని మనిషి లేడు. ఆ పేపర్ని ఎవరైనా చదివేవాళ్ళో లేదో గానీ, ఆ వారం మాత్రం దాని విలువ అందరికీ తెలిసింది. నా పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడ సంచిలోంచి తడి టిష్యూల ప్యాకెట్ తీసింది. తనకొకటి తీసుకుని, ఒక్క మాట కూడా లేకుండా ప్యాకెట్ నా వైపు చాపింది. నేనొకటి తీసుకుని పక్కవాడికిచ్చాను. అది అలా చేతులు మారుతూ బోగీ సగం దాకా వెళ్ళి ఖాళీగా వెనక్కి వచ్చింది. పొద్దున్నే ఎదుటివాడి కళ్ళల్లోకి చూడటమే మర్యాద తప్పినట్టు భావించే జనం వాళ్ళు. ఆ ఖాళీ ప్యాకెట్ చూసి ఆవిడ పకపకా నవ్వింది.

మరోసారి ఛాన్సరీ లేన్ దాటాక రైలు సొరంగంలో ఆగిపోయింది. రైలు కదులుతున్నంతసేపే ఆ కిటికీ గాలి. ఆగిందంటే అదీ లేదు. ముందు రైల్లో ఎవరికో కళ్ళు తిరిగాయని డ్రైవరు మైకులో చెప్పాడు. ఒంట్లో బాగోకపోతే తర్వాతి స్టేషన్లో దిగి సిబ్బందికి చెప్పండి, స్టేషన్ల మధ్యలో అలారం లాగొద్దు, నీళ్ళ సీసా వెంట ఉంచుకోండి అని వేసవంతా పోస్టర్లు కనబడతాయి, అనౌన్స్‌మెంట్లు వినబడతాయి. మధ్యలో అలారం లాగితే సాయం అందడం ఆలస్యమవుతుంది, వెనక రైళ్ళన్నీ ఇలాగే చీకట్లో నిలబడిపోతాయి. వినీ వినీ విసుగొచ్చిన ఆ మాటల అర్థం ఆ కాసేపట్లో బోధపడింది. ఆ రోజు నా చేతిలో సీసా లేదు, పక్కనున్న కుర్రాడి చేతిలో ఉంది. నేను దానివైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను.

ఇంత వేడి ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు చాలాకాలం అంతుపట్టలేదు. బయటి ఎండే కిందికి దిగుతుందనుకుంటాం కదా. అసలు సంగతి వేరు. లండన్ కింద ఉన్నది చిక్కటి బంకమట్టి. తవ్వడానికి సులువు, అందుకే 1890లో మొదటి విద్యుత్ రైలు లోతు సొరంగాల్లోకి దిగింది, 1900లో ఇప్పటి సెంట్రల్ లైన్‌కి మూలమైన రైలు వచ్చింది. అప్పట్లో ఆ మట్టి సుమారు 14 డిగ్రీల దగ్గర ఉండేదట. అంటే వేసవిలో కింద నిజంగానే చల్లగా ఉండేది. 1920లలో, పైన ఎండగా ఉంటే కిందికి రండి, చల్లగా ఉంటుంది అని పోస్టర్లే వేశారు. ఆ పోస్టర్ బొమ్మ చూసిన రోజు నాకు నవ్వాగలేదు.

అప్పట్నుంచి జరిగిందేమిటంటే, రైలు వేగం అందుకుని, మళ్ళీ అర మైలులో ఆగాలి. ఆగేటప్పుడు ఆ వేగంలో చాలా భాగం బ్రేకుల దగ్గర వేడిగా మారుతుంది. మోటార్ల వేడి కొంత, మనుషుల ఒంటి వేడి కొంత. మనుషుల వాటా నిజానికి తక్కువే, ఎక్కువ వేడి రైళ్ళదే. ఆ వేడంతా ఎటుపోతుంది? గోడల వెనక మట్టిలోకి. బంకమట్టి వేడిని పట్టుకుంటే వదలదు. దశాబ్దాల తరబడి మింగీ మింగీ దాని కడుపు నిండిపోయింది. ఇప్పుడు సొరంగాల పక్క మట్టి 19 నుంచి 26 డిగ్రీల దాకా ఉంటుంది, పుచ్చుకోవడం తగ్గించేసింది. కాబట్టి నేను 2006లో తుడుచుకున్న చెమటలో ఆ రోజు ఎండ వాటా కొంతే. మిగతాది నేను పుట్టకముందు ఎవరెవరో ఆఫీసులకెళ్ళి ఇళ్ళకొచ్చిన ప్రయాణాల తాలూకు వేడి. ఈ సంగతి తెలిశాక ఆ రైలంటే ఒకరకమైన గౌరవం కూడా కలిగింది. గౌరవం కలిగిందని చెమట తగ్గిందని కాదు.

మరి ఏసీ పెట్టొచ్చు కదా? అందరూ అడిగే ప్రశ్నే. ఏసీ చలువను పుట్టించదు, ఇక్కడి వేడిని తీసి అక్కడ పారబోస్తుంది. మూడున్నర మీటర్ల వెడల్పు గొట్టంలో నడిచే రైలు ఆ వేడిని బయట ఎక్కడ పారబోయాలి? అదే గొట్టంలోనే. పాత పెట్టెలకి పైనా పక్కనా యంత్రం పట్టే చోటు కూడా లేదు. 2003లో అప్పటి మేయర్ కెన్ లివింగ్‌స్టన్, ట్యూబ్‌ని చల్లబరిచే ఉపాయం చెప్పినవాళ్ళకి లక్ష పౌండ్ల బహుమతి ప్రకటించాడు. ఈ సంగతి మా రూమ్మేట్ ఎక్కడో చదివి ఒక శనివారం రాత్రంతా నిద్రపోలేదు. నోట్‌బుక్కు తీసి ఫ్యాన్లు గీశాడు, పైపులు గీశాడు, ఐసు దిమ్మల బోగీ ఒకటి గీశాడు.

"లక్ష పౌండ్లు బావా! ఇద్దరం చెరి సగం. లెక్కలు నువ్వు చూస్కో, ఐడియా నాది."

తెల్లారాక చూస్తే ఆ పోటీ 2005లోనే ముగిసింది, ఎవరికీ బహుమతి దక్కలేదు. వాడు నోట్‌బుక్కు మూసి, "అయితే ఎవడి వల్లా కాలేదన్నమాట" అని తృప్తిగా పడుకున్నాడు.

పోటీతో పని లేకుండా నేనొక దారి కనిపెట్టుకున్నాను. ఈ జ్ఞాపకాలన్నిట్లోకీ నాకు ఇష్టమైనది అదే, కాబట్టి కాస్త తీరిగ్గా చెప్తాను.

రూట్‌మాస్టర్ అనే పాత ఎర్ర డబుల్ డెక్కర్ బస్సులుండేవి, వెనకవైపు తలుపు లేకుండా తెరిచి ఉండే అరుగుతో. నేను వెళ్ళేసరికే, 2005 డిసెంబరులో, వాటిని మామూలు సర్వీసుల నుంచి తీసేశారు. కానీ రెండు రూట్లలో కొన్ని బస్సులు పాతకాలపు గుర్తుగా మిగిల్చారు. వాటిలో 15 నంబరు బస్సు ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి టవర్ హిల్‌కి వెళ్ళేది. సాయంత్రం ఆఫీసు తొందరగా వదిలిన రోజున నేను హోబర్న్‌లో కిందికి దిగకుండా, కింగ్స్‌వే వెంట ఆల్డ్‌విచ్ దాకా నడిచి దాన్ని పట్టుకునేవాణ్ణి. ఫ్లీట్ స్ట్రీట్, లడ్‌గేట్ హిల్, సెయింట్ పాల్స్ చర్చి గుమ్మటం, క్యానన్ స్ట్రీట్, చివరికి టవర్ హిల్. అక్కణ్ణుంచి డిస్ట్రిక్ట్ లైన్‌లో ఇంటికి. ట్యూబ్ కంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది. ట్రాఫిక్ ఉంటే ఇంకా ఎక్కువ.

అయినా ఏం సుఖం! పైఅంతస్తు ముందు సీటు దొరికితే కిటికీ పిడి చేత్తో తిప్పుతూ అద్దం కిందికి దించుకోవచ్చు. బస్సు లడ్‌గేట్ హిల్ ఎక్కుతుంటే గాలి ముఖానికి కొట్టేది. కింద వెనక అరుగు మీద కండక్టరు స్తంభం పట్టుకుని నిలబడి, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఎవరైనా ఎక్కుతారేమోనని చూసేవాడు. ఎక్కేవాళ్ళు సగం మంది టూరిస్టులు, మిగతా సగం నాలాంటి గాలి పిచ్చోళ్ళు. మొహాలు గుర్తుపట్టేంత అయింది. పుస్తకం చదివే నడివయసాయన ఒకడు ఎప్పుడూ ఎడమవైపే కూర్చునేవాడు. బస్సు తూర్పుకి పోతుంటే ఎడమవైపు ఉత్తరం కదా, సాయంత్రపు ఎండ కాస్తయినా తగ్గుతుందని నేను లెక్క వేశాను. తర్వాత నేనూ ఎడమవైపుకే మారాను. ఆ వేసవిలో మేమిద్దరం తల పంకించుకునే పరిచయం దాకా వచ్చాం. పేరు అడగలేదు.

ఇలా రోజూ ఆలస్యంగా ఇంటికొస్తుంటే రూమ్మేట్ అనుమానపడ్డాడు. "ఎవరు బావా ఆ అమ్మాయి?" అని. బస్సు అంటే నమ్మలేదు. ఒక శుక్రవారం వాణ్ణి కూడా ఎక్కించాను. టవర్ హిల్‌లో దిగాక, "అమ్మాయే బాగుండేది, కానీ ఇదీ పర్లేదు" అన్నాడు.

తర్వాత 2012లో అదే పేరుతో కొత్త రూట్‌మాస్టర్లు వచ్చాయి. చూడ్డానికి అందంగా ఉంటాయి, అద్దాలు వంపులు తిరిగి ఉంటాయి. మొదట్లో వాటికి తెరుచుకునే కిటికీలు లేవు. లోపల చల్లగాలి యంత్రం ఉంటుంది, కిటికీలతో పనేముంది అనుకున్నారు. వేసవి రాగానే పేపర్లు వాటికి 'రోస్ట్‌మాస్టర్' అని పేరు పెట్టాయి, చివరికి 2015 తర్వాత తెరుచుకునే కిటికీలు బిగించడం మొదలుపెట్టారు. యాభై ఏళ్ళ కిందటి బస్సులో చేత్తో తిప్పే పిడి ఉంది, కొత్త బస్సులో లేదు. ఇందులో నా పక్షపాతం దాచుకోను.

మధ్యలో ఏళ్ళు గబగబా గడిచాయి. పెళ్ళయింది, ఇల్లు ఇల్ఫర్డ్‌కి మారింది, పిల్లలు పుట్టారు. 2010లో మెట్రోపాలిటన్ లైన్‌తో మొదలుపెట్టి, నేల కింద ఎక్కువ లోతు లేకుండా వేసిన లైన్లన్నిటికీ వరసగా ఏసీ రైళ్ళొచ్చాయి. ఆ సొరంగాలు మొదట ఆవిరి ఇంజన్ల కోసం వెడల్పుగా, పొగ పోయే ఖాళీలతో కట్టినవి, కాబట్టి అక్కడ ఏసీ వేడిని బయటికి పంపే వీలుంది. 1863లో పొగతో జనాన్ని ఉక్కిరిబిక్కిరి చేసిన లైనే చివరికి అందరికంటే ముందు చల్లబడింది. లోతు లైన్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. 2019 జులై 25న కేంబ్రిడ్జ్‌లో 38.7 డిగ్రీలు వచ్చిన రోజు సాయంత్రం నేను సెంట్రల్ లైన్లోనే ఉన్నాను. పేపరుతో విసురుకునేవాళ్ళు తగ్గారు. చేతిలో ఇమిడే చిన్న ఫ్యాన్లు, అరచేతిలో ఫోన్లు. చివరి తలుపు కిటికీ దగ్గర ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. ఎవరు నేర్పారో వాడికి.

ఒక్క మాట ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే మర్చిపోతాను. లండన్‌లోని ఇజ్లింగ్టన్‌లో, 1922లో మూతపడ్డ సిటీ రోడ్ అనే స్టేషన్ గొట్టంలోంచి నార్తర్న్ లైన్ వేడి గాలిని పైకి లాగి, దాంతో నీళ్ళు కాచి చుట్టుపక్కల ఇళ్ళకు పంపే ఏర్పాటు 2020లో మొదలైంది. ముందునుంచీ ఉన్న వాటితో కలిపి 1,350కి పైగా ఇళ్ళు ఆ నెట్‌వర్క్ కింద ఉన్నాయి. రూమ్మేట్‌కి ఫోన్ చేసి చెప్పాను. "పైపులు నేను గీశాను కదా బావా, 2006లోనే!" అన్నాడు. గీసిన మాట నిజమే.

ఇక 2022 జులై. ఆ దేశంలో వాతావరణ శాఖ వేడికి రెడ్ వార్నింగ్ ఇవ్వడం అదే మొదటిసారి, సోమ మంగళవారాలకి, 18, 19 తేదీలకి. తప్పనిసరైతేనే ప్రయాణం చేయండని ముందునుంచే చెప్తూ వచ్చారు. మన దగ్గర్నుంచి ఒకటే ఫోన్లు. "నలభైకే రైళ్ళు ఆపేస్తారా? మేం మేలో నలభై నాలుగులో పెళ్ళిళ్ళు చేస్తున్నాం" అని మా పెద్దనాన్న గారబ్బాయి వెక్కిరింత.

వాడికి ఓపిగ్గా చెప్పాను. రైలు పట్టా ఇనుమే కదా, వేడికి సాగుతుంది. కిలోమీటరు పట్టా 30 డిగ్రీలు వేడెక్కితే, స్వేచ్ఛగా వదిలితే, 35 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. కానీ ఇప్పుడు పట్టాలన్నీ అతికి పొడుగ్గా బిగించినవి, సాగడానికి చోటుండదు. లోలోపల ఒత్తిడి పెరిగి పెరిగి ఒక్కసారి పక్కకు వంకర తిరుగుతాయి. ఏ వేడి దగ్గర ఒత్తిడి సున్నా ఉండాలన్నది పట్టా వేసేటప్పుడే నిర్ణయిస్తారు. బ్రిటన్‌లో అది 27 డిగ్రీలు. వేడి దేశాల్లో ఆ అంకె ఇంకా ఎక్కువ పెట్టుకుంటారు. బ్రిటన్‌లో అలా పెడితే చలికాలంలో పట్టాలు ముడుచుకుని తెగుతాయి. ఎండలో పట్టా గాలికంటే 20 డిగ్రీల దాకా ఎక్కువ వేడెక్కుతుంది. అందుకే కీలకమైన చోట్ల పట్టాలకు తెల్ల రంగు పూస్తారు, రైళ్ళను నెమ్మదిగా నడుపుతారు. ఇళ్ళూ అంతే, చలికి వేడి దాచుకునేలా కట్టినవి. రాత్రి తొమ్మిదింటి దాకా పొద్దు ఉంటుంది, పడకగది పైకప్పు కింద ఉంటుంది, ఏసీ ఉండదు.

"సరేలే, మీ నలభై మా నలభై కాదన్నమాట" అన్నాడు.

మంగళవారం లింకన్‌షైర్‌లోని కనింగ్స్‌బీలో 40.3 వచ్చింది. ఆ దేశం చరిత్రలో నలభై దాటడం అదే మొదటిసారి. కింగ్స్ క్రాస్ నుంచి ఉత్తరానికి పోయే ప్రధాన లైన్ యార్క్, లీడ్స్ దాకా మూసేశారు. లండన్ అంచున వెన్నింగ్టన్‌లో ఇళ్ళు కాలిపోయాయి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అగ్నిమాపక దళానికి అంత పని ఎప్పుడూ తగల్లేదన్నారు. హ్యామర్‌స్మిత్ వంతెన ఇనుము వేడెక్కి పగుళ్ళు పెరక్కుండా దాని గొలుసులకి వెండి రంగు రేకు చుట్టారు. ఆ రోజంతా నేను ఇంట్లోనే, టబ్బులో చన్నీళ్ళు పోసుకుని, కిటికీలు మూసి, కర్టెన్లు వేసుకుని టీవీ చూశాను.

ముందురోజు, సోమవారం మాత్రం ఆఫీసుకి వెళ్ళాను. తప్పనిసరా అంటే నా లెక్కలో తప్పనిసరే. అక్కడ ఏసీ ఉంది, ఇంట్లో లేదు. పైగా ఆ మే 24నే ఎలిజబెత్ లైన్ అనే కొత్త రైలు మార్గం సొరంగాలు తెరిచారు. ఇల్ఫర్డ్ నుంచి లివర్‌పూల్ స్ట్రీట్ దాకా ఒక రైలు, అక్కడ దిగి కిందికెళ్ళి ఫారింగ్‌డన్‌కి ఇంకోటి. రెండూ ఏసీవే. కొత్త స్టేషన్లో ప్లాట్‌ఫాంకీ రైలుకీ మధ్య అద్దం తలుపులు. రైలు వస్తుంటే గాలి రాదు. నేను అలవాటు కొద్దీ కాలరు సర్దుకుని నిలబడ్డాను, ఏమీ ఎగరలేదు.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి రైలు పాక్కుంటూ బయల్దేరింది. వేడి వల్ల వేగం తగ్గించామని డ్రైవరు క్షమాపణ చెప్పాడు. మామూలుగా అయితే పళ్ళు నూరే జనం ఒక్కరూ ఏమీ అనలేదు. చల్లటి బోగీ, మెత్తటి సీటు, బయట కిటికీలోంచి ఎండిపోయి పసుప్పచ్చగా మారిన పార్కులు. ఎంత ఆలస్యమైతే అంత మంచిదనుకుంటున్నట్టు ఉన్నారందరూ. ఇల్ఫర్డ్ వచ్చింది. తలుపులు తెరుచుకుని వేడి లోపలికి కొట్టింది. నేను లేవలేదు. పక్కనున్నాయన నా వైపు చూసి, "మీదీ ఇదే స్టేషను కదా?" అన్నాడు. "మీది కూడా" అన్నాను. తలుపులు మూసుకున్నాయి.

రాంఫర్డ్‌లో దిగి ఇవతలి ప్లాట్‌ఫాంకి నడుస్తుంటే మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఎక్కడున్నారు?"

"రాంఫర్డ్‌లో."

"అక్కడేం పని?"

"ఏసీ బాగుంది."

కాసేపు మాట లేదు. తిట్టేస్తుందనుకున్నాను.

"పిల్లల్ని తీసుకుని ఇల్ఫర్డ్ స్టేషన్‌కి వస్తున్నా, మీరూ అక్కడికే రండి."

తొమ్మిదవుతుండగా నలుగురం ఇల్ఫర్డ్‌లో మళ్ళీ ఎక్కాం. పదకొండేళ్ళలోపు పిల్లలకి టికెట్ లేదు, మా ఇద్దరికే. తొమ్మిది బోగీలు, మధ్యలో తలుపులు లేకుండా ఈ చివర్నుంచి ఆ చివరికి 205 మీటర్లు నడిచి వెళ్ళొచ్చు. పిల్లలిద్దరూ ఆ చివరికి పరుగెత్తి తిరిగొచ్చారు. రైలు దాదాపు ఖాళీ. ఖాళీ అని వాళ్ళు కేరింతలు కొడుతుంటే, మూడో బోగీలో మాలాగే పిల్లలతో ఇంకో తెలుగు కుటుంబం తగిలింది. వాళ్ళు గుడ్‌మేస్‌లో ఎక్కారట. షెన్‌ఫీల్డ్ దాకా పోయి వస్తున్నారట, ఇది రెండో ట్రిప్పట.